నల్లగొండ, పాలమూరు పట్టణాల గురించి తెలుసుకోవడానికి జనాభా లెక్కల సైట్ ఎంత పనికొస్తుంది?

మహబూబ్‌నగర్‌లోనో నల్లగొండలోనో స్కూలు, క్లినిక్, హోల్‌సేల్ దుకాణం పెట్టేవాళ్లకు ముందుగా తెలియాల్సినవి రెండు: ఏ గల్లీలో ఎవరుంటున్నారు, వాళ్ల చేతిలో ఎంత డబ్బు ఆడుతోంది. మొదటిదానికి కేంద్ర జనగణన శాఖ సైట్‌ను మించింది లేదు. పైసా ఖర్చు లేదు, పట్టికలు ఎక్సెల్‌లోనే దొరుకుతాయి. రెండోదానికి సూటి జవాబు రాదు, జనగణనలో ఆదాయం అడగరు కాబట్టి.

ఫైలు వెతకడంలోనే చాలామంది ఆగిపోతారు. 2011 లెక్కలు రాష్ట్రం రాకముందువి. అందుకే తెలంగాణ పేరుతో వెతికితే దొరకవు, ఆంధ్రప్రదేశ్ కింద, రాష్ట్ర కోడ్ 28లో చూడాలి. మహబూబ్‌నగర్ జిల్లా కోడ్ 538, నల్లగొండది 539. అక్కడ కనిపించే 40,53,028 ఉమ్మడి పాలమూరు జనాభా. 2016లో, 2019లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి ఆ అంకెను ఇప్పటి జిల్లాకు వాడకూడదు. ఇప్పటి జిల్లాలో ఉన్న మండలాల వరుసలు ఏరి కూడుకోవాలి.

పట్టణానికి వార్డులవారీ ప్రాథమిక సారం పట్టిక (Primary Census Abstract) ఉంది. ఎస్సీ, ఎస్టీ, అక్షరాస్యులు, పనిచేసేవాళ్లు అన్నీ అందులోనే ఉంటాయి. అక్షరాస్యత శాతం కట్టేటప్పుడు మొత్తం జనాభాలోంచి 0–6 ఏళ్ల పిల్లలను తీసేయాలి. ఉదాహరణకు 4,000 మంది వార్డులో 500 మంది పిల్లలు, 2,800 మంది అక్షరాస్యులు ఉంటే, 2,800ను 3,500తో భాగిస్తే 80 శాతం. 4,000తో భాగిస్తే 70 వస్తుంది, అది తప్పు. ఇంకో సంగతి, 2020 మున్సిపల్ ఎన్నికలకు ముందు వార్డులు మళ్లీ విభజించారు. 2011 నాటి 12వ వార్డు, ఇప్పటి 12వ వార్డు ఒకటే అనుకోవద్దు.

భాషల పట్టిక సీ-16. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. హిందీ మాట్లాడేవాళ్ల అంకె పెద్దగా కనిపించగానే ఉత్తరాది నుంచి వలసొచ్చినవాళ్లనుకుంటారు. జనగణన లంబాడీ భాషను హిందీ గుంపులో వేసింది. దేవరకొండ, అచ్చంపేట వైపు తండాలు ఎన్నో తెలిసిందే. మొత్తం హిందీ వరుసను వదిలి, దాని కింద లమాని/లంబాడీ అని విడిగా ఇచ్చిన వరుసనే చూడాలి. ఉర్దూకు ఈ తిప్పలు లేవు, దాని వరుస దానికే ఉంటుంది.

ఆదాయానికి బదులు గృహగణన పట్టిక వాడుకోవచ్చు. ఇంట్లో కారు, స్కూటర్, ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్, గదులెన్ని, సొంతిల్లా అద్దెదా అన్నవి వార్డులవారీ శాతాల్లో ఉంటాయి. టీవీ, మొబైల్ కాలమ్‌లు పెద్దగా తేడా చూపవు. కారు, ఇంటర్నెట్ కంప్యూటర్, గదులు, ఈ మూడూ కలిపి చూస్తే వార్డుల మధ్య తేడా బయటపడుతుంది. అద్దె శాతం ఎక్కువున్న వార్డులో ఉద్యోగులు, చదువుకునే పిల్లలు ఉండే అవకాశం ఎక్కువ, దాన్ని పేదరికం కింద లెక్కేయకూడదు. ఈ సమాచారం 2010లో సేకరించింది కాబట్టి, వార్డుల వరుస క్రమానికే వాడండి, శాతాలను నేటివిగా చెప్పకండి.

రాష్ట్ర అర్థగణాంక శాఖ ఇచ్చే జిల్లా తలసరి ఆదాయాన్ని కుటుంబ ఆదాయంగా రాసేవాళ్లూ ఉన్నారు. జిల్లాలో జరిగిన ఉత్పత్తి విలువను జనాభాతో భాగిస్తే వచ్చే అంకె అది. ఫ్యాక్టరీ లాభమంతా హైదరాబాద్‌కు పోయినా అందులో కలిసే ఉంటుంది. జనగణనతో సంబంధం లేకుండా విడిగా జరిగిన 2011 సామాజిక, ఆర్థిక, కుల గణనలో ఇంట్లో ఎక్కువ సంపాదించేవాళ్ల నెల ఆదాయం 5,000 లోపా, 10,000 దాటిందా అని అడిగారు గానీ, ఆ ప్రశ్న పల్లెలకే.

వలసల విషయంలో ఈ సైట్ అంకెలను పూర్తిగా నమ్మకూడదు. 2011లో ఇంటింటి లెక్క ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు జరిగింది. పాలమూరు కూలీలు, తమను పనులకు తీసుకెళ్లే గుంపు మేస్త్రీల వెంట బొంబాయి, పుణెల్లో ఉండే కాలమది. ఆ రోజులంతా ఊళ్లో లేనివాళ్లను పనిచేసే చోటే లెక్కిస్తారు. రాబోయే జనగణనకు కూడా 2027 మార్చి 1నే ప్రామాణిక తేదీగా పెట్టారు, అంటే మళ్లీ అదే వలస కాలం. అందుకని తండాల, వలస పల్లెల జనాభా వాడేవాళ్లు రేషన్ కార్డుల సంఖ్యతోనో ఓటరు జాబితాతోనో సరిచూసుకోవాలి.