బ్లూగ్రాస్ వినడం ఎక్కడ మొదలుపెట్టాలి? 1972 నాటి మూడు ఎల్పీల సెట్టు

బ్లూగ్రాస్ అనే అమెరికా తీగవాద్యాల సంగీతం విని మధ్యలో వదిలేసినవాళ్లు సాధారణంగా చెప్పే మాట: "అన్నీ ఒకేలా ఉన్నాయి, అన్నీ పరుగే." ఇందులో సగం నిజం. మిగతా సగం ఫోను స్పీకరు చేసిన పాపం.

ఈ సంగీతంలో మామూలుగా డ్రమ్స్ ఉండవు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టుకుంటే, ఒకటి, మూడు దగ్గర నిలువు బేసు (నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటిది) మోగుతుంది. రెండు, నాలుగు దగ్గర మాండొలిన్ "టక్" అంటుంది. దాన్ని చాప్ అంటారు. కార్డు (కలిపి మోగించే స్వరాల గుత్తి) పట్టి మీటిన మరుక్షణం ఎడమచేతి వేళ్ల ఒత్తిడి వదిలేస్తారు, తీగలు అక్కడికక్కడే మూగబోతాయి. డప్పు లేని లోటు ఆ టక్కే తీరుస్తుంది. నిలువు బేసులో అన్నిటికన్నా కింది తీగ దాదాపు 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, అంత లోతు స్వరం పలికించడం ఫోను స్పీకరు వల్ల కాదు. ఒకటీ మూడూ పోయి రెండూ నాలుగే మిగిలితే పాట వెనకనుంచి ఎవరో తోస్తున్నట్టే ఉంటుంది. కాబట్టి కాస్త మంచి ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాకే కింద చెప్పేవి వినండి. బేస్ బూస్ట్ మాత్రం వద్దు, అది నొక్కితే గిటారు గొంతు పూడిపోతుంది.

ఇక అసలు సంగతి. కొత్తగా వినేవాళ్లు ఒక్కటే కొనాలనుకుంటే, నిట్టీ గ్రిట్టీ డర్ట్ బ్యాండ్ 1972లో విడుదల చేసిన "విల్ ద సర్కిల్ బి అన్‌బ్రోకెన్" కొనండి. మూడు ఎల్పీలు, ముప్పై ఏడు పాటలూ వాద్యాలూ, మధ్యలో మాటలు. బ్యాండు వాళ్లది కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్. "మిస్టర్ బోజాంగిల్స్" అనే పాటతో అప్పటికే రేడియోలో పేరొచ్చింది. పొడుగు జుట్టు కుర్రాళ్లు. 1971 ఆగస్టులో నాష్‌విల్‌లోని వుడ్‌ల్యాండ్ స్టూడియోకి వెళ్లి తమ తండ్రుల తరం కంట్రీ, బ్లూగ్రాస్ కళాకారులను పిలిచి కూర్చోబెట్టారు. మదర్ మేబెల్ కార్టర్, ఎర్ల్ స్క్రగ్స్, డాక్ వాట్సన్, మెర్ల్ ట్రావిస్, రాయ్ అకఫ్, జిమ్మీ మార్టిన్, ఫిడిల్ వాయించే వాసర్ క్లెమెంట్స్ అందరూ వచ్చారు. బిల్ మన్రో రానన్నాడు. బ్లూగ్రాస్ అన్న పేరే ఆయన బ్యాండు బ్లూ గ్రాస్ బాయ్స్ నుంచి వచ్చింది కాబట్టి ఆ లోటు చిన్నది కాదు. దాని సంగతి తర్వాత.

రికార్డింగు చేసిన పద్ధతిలోనే దీని బలం ఉంది. నేరుగా రెండు ట్రాకుల టేపు మీదికి, సెకనుకు 30 అంగుళాల వేగంతో ఎక్కించారు. రెండు ట్రాకులంటే ఎడమ, కుడి, అంతే. బ్యాంజో గట్టిగా పడిందని తర్వాత తగ్గించుకోవడానికి లేదు, గాయకుడు తడబడితే ఆ ఒక్క గొంతే మళ్లీ అతికించడానికీ లేదు. ఎవరు ఎక్కడ నిలబడాలి, సోలో వచ్చినప్పుడు ఎవరు మైకు దగ్గరికి జరగాలి అన్నది గదిలోనే తేలిపోవాలి. ఆ వేగంలో 2,500 అడుగుల రీలు పదిహేడు నిమిషాలు కూడా రాదు. ఖర్చు ఎక్కువైనా టేపు రొద బాగా తగ్గుతుంది. ఆ ఖర్చుకు ఫలితం యాభై ఏళ్లు దాటిన ఈ రికార్డులో ఇప్పటికీ వినిపిస్తుంది: గిటారు తీగ మీద పిక్కు (తీగ మీటే చిన్న బిళ్ల) తగిలిన చప్పుడు ముందు, స్వరం తర్వాత, రెండూ విడివిడిగా చెవిన పడతాయి.

మాటల కోసం వేరే టేపు తిరుగుతూనే ఉంది. అందుకే శ్రుతి చూసుకోవడం, ఏ కీలో పాడదామని అడుక్కోవడం, నవ్వులు అన్నీ ఉన్నాయి. రాయ్ అకఫ్ తన పద్ధతి చెప్పేది తప్పక వినండి. ఒక పాట రికార్డు చేద్దామనుకున్నాక ఉన్నదంతా మొదటిసారే పెట్టెయ్యాలి, మళ్లీ మళ్లీ పాడితే ప్రతిసారీ కొంత పోతుంది అంటాడు. ఊరికే గొప్పకు అన్న మాట కాదు. చాలా పాటలు ఒకటి రెండు టేకుల్లోనే అయిపోయాయి.

డాక్ వాట్సన్, మెర్ల్ ట్రావిస్ మొదటిసారి కలుసుకున్నది కూడా ఈ గదిలోనే. ఆ మాటల్ని ఒక ట్రాకుగా ఉంచారు. డాక్ చిన్నతనంలోనే చూపు పోయిన మనిషి, ట్రావిస్ వాయిద్యం రేడియోలో, రికార్డుల్లో విని నేర్చుకున్నాడు. కొడుక్కి మెర్ల్ అని పేరు పెట్టింది కూడా ట్రావిస్ మీద అభిమానంతోనే. ఈ సంగతి తెలిసి వింటే ఆ రెండు నిమిషాలు వేరేగా ఉంటాయి. డాక్ మాట తీరు మనవైపు పెద్దవాళ్లు గురువుగారి ఎదుట మాట్లాడినట్టే ఉంటుంది, తొందరపాటు లేకుండా, కాస్త సిగ్గుతో.

వీళ్ల కుడిచేతుల తేడా పట్టుకోవడానికే మొత్తం సెట్టు ఒకసారి వినొచ్చు. "కానన్‌బాల్ రాగ్"లో ట్రావిస్ బొటనవేలు బేసు తీగల మధ్య అటూ ఇటూ తిరుగుతూ తాళం వేస్తుంది. అరచేతి అంచు ఆ తీగల మీద ఆనుకుని ఉంటుంది కాబట్టి అవి "బుమ్" అనకుండా "టుప్" అంటాయి. పాట మాత్రం చూపుడువేలిది. ఇద్దరు వాయిస్తున్నారేమో అనిపిస్తుంది, కాదు. "బ్లాక్ మౌంటెన్ రాగ్"లో డాక్ చేతిలో ఒకే పిక్కు. కిందికీ పైకీ తప్పకుండా మార్చి మార్చి కొడుతూ, ఫిడిల్ మీద వాయించే గతిని ఉన్నదున్నట్టు గిటారు మీదికి తెస్తాడు. వేగం పెరిగినా ఏ స్వరమూ పక్కదాని మీద పడదు. మేబెల్ పద్ధతి ఈ రెండూ కాదు. బొటనవేలు లావు తీగల మీద పాట పలికిస్తుంటే, చూపుడువేలు సన్న తీగల్ని పైపైన రాసి కార్డు నింపుతుంది. దాన్ని పట్టుకోవాలంటే ఇందులోని "వైల్డ్‌వుడ్ ఫ్లవర్" వినే ముందు ఆమె బృందం కార్టర్ ఫ్యామిలీ 1928లో ఇచ్చిన అదే పాట వినండి. గీతలు, గరగరలు ఎన్నున్నా ఆ బొటనవేలు స్పష్టంగానే ఉంటుంది.

స్క్రగ్స్ బ్యాంజోకి ఒకే పాట చాలు: "ఫ్లింట్ హిల్ స్పెషల్". ఐదు తీగల బ్యాంజోను జి శ్రుతిలో కడితే మూడో తీగ జి, రెండో తీగ బి. స్క్రగ్స్ ఈ రెండు తీగలకూ అదనపు బిరడలు పెట్టించుకున్నాడు. వాయిస్తూ వాయిస్తూనే చెయ్యి పైకి వెళ్లి బిరడ తిప్పుతుంది, బి జారి ఎ అవుతుంది, జి జారి ఎఫ్ షార్ప్ అవుతుంది, మళ్లీ ఎక్కుతుంది. వీణ మీద తీగ లాగి స్వరం పైకి ఎక్కించడం మనం ఎరిగిందే. ఇక్కడ తీగను వదులు చేసి కిందికి దించుతారు. అక్కడ "వావ్" అని వినిపించేది ఏ పెడలూ కాదు, బిరడే. కొత్తగా బ్యాంజో పట్టినవాళ్లు ఇది మామూలు బిరడలతో ప్రయత్నిస్తే తీగ తిరిగి సరైన చోట ఆగదు, నాలుగోసారికల్లా శ్రుతి పోతుంది. స్క్రగ్స్ బిరడలో తీగ ఎక్కడ ఆగాలో ముందే బిగించి పెట్టే ఏర్పాటు ఉంటుంది.

మాండొలిన్ గురించి మనవాళ్లకొక మాట. పాలకొల్లు యు. శ్రీనివాస్ గారి వాద్యం విన్న చెవితో వింటే మొదట నిరాశ కలగొచ్చు. ఆయనది ఎలక్ట్రిక్ మాండొలిన్, ఒంటి తీగలు, గమకాలకు అనువుగా మార్చుకున్నది. బ్లూగ్రాస్ మాండొలిన్‌కు ఎనిమిది తీగలు, నాలుగు జంటలు, కరెంటు లేదు. జంట తీగల్ని లాగి గమకం పలికించడం కష్టం, అది వీళ్ల ఉద్దేశం కూడా కాదు. సోలో లేని చోట దాని పని ఆ టక్కే.

ఇక లోపాలు. సెట్టు పొడుగు. ఒకే సాయంత్రం ఆరు వైపులూ వింటే నాలుగో వైపుకి చెవి మొద్దుబారుతుంది. కంట్రీ గాయకుడు హ్యాంక్ విలియమ్స్ పాటలు కుర్రాళ్లు తామే పాడిన చోట్ల పట్టు సడలుతుంది, పక్కనే అకఫ్, మార్టిన్ లాంటి గొంతులుండటం వల్ల ఇంకా పలచగా అనిపిస్తాయి. ముఖ్య అతిథుల్లో ఆడమనిషి మేబెల్ ఒక్కతే, నల్లజాతివాళ్లు ఒక్కరూ లేరు. బ్యాంజో పూర్వరూపాలను పశ్చిమ ఆఫ్రికా నుంచి తెచ్చింది బానిసలుగా తరలించబడినవాళ్లు. మన్రో మీదా, పశ్చిమ కెంటకీ గిటారు బాణీ ద్వారా ట్రావిస్ మీదా ప్రభావం ఉన్న ఆర్నాల్డ్ షుల్ట్జ్ నల్లజాతి వాద్యకారుడు, ఒక్క రికార్డింగూ లేకుండానే 1931లో పోయాడు. వలయం తెగలేదని పాడే సెట్టులో ఈ ఖాళీ కనిపించక మానదు.

మొదటి పాట నాష్‌విల్‌లోని పేరున్న కంట్రీ సంగీత రేడియో కార్యక్రమం గ్రాండ్ ఓల్ ఆప్రీని పొగిడేది. పాడిన జిమ్మీ మార్టిన్‌ని ఆప్రీ ఏనాడూ సభ్యుడిగా చేర్చుకోలేదు. అది తెలిశాక ఆ హుషారులో కాస్త చేదు కూడా తగులుతుంది.

కొనేవాళ్లకు: పాత ఎల్పీ సెట్టు దొరికితే ముందు మూడు ప్లేట్లూ ఉన్నాయో లేదో చూడండి. తర్వాత ఆరో వైపు చివరి ట్రాకు పెట్టమనండి. ఎర్ల్ కొడుకు ర్యాండీ స్క్రగ్స్ ఒంటరిగా వాయించిన "బోత్ సైడ్స్ నౌ" అది, ఒకే గిటారు. లేబుల్ దగ్గరికి వచ్చేసరికి సూది కింద గాడి కదిలే వేగం ప్లేటు అంచున ఉన్న వేగంలో సగం కన్నా తక్కువకి పడిపోతుంది. అరిగిన ప్లేటైతే గిటారు మీటు దగ్గర "చ్‌ఫ్" అని చిట్లేది ముందు అక్కడే. ఒంటరి వాద్యం కాబట్టి ఏ లోపమూ దాగదు. అక్కడ శుభ్రంగా ఉంటే మిగతా వైపులు చాలావరకు నమ్మొచ్చు. ప్లేయరు లేనివాళ్లకు 2002లో వచ్చిన రెండు సీడీల రీమాస్టర్ చాలు, అదనపు ట్రాకులు కూడా ఉన్నాయి. యాప్‌లో వినేటట్టయితే షఫుల్ ఆపండి, క్రాస్‌ఫేడ్ సున్నా చెయ్యండి. లేకపోతే పాట ముందున్న మాటలు వెనక పాట తోక మీద ఎక్కి కూర్చుంటాయి. డేటా ఆదా కోసం నాణ్యత తగ్గిస్తే మొదట చెడేది ఫిడిల్ కమాను రాపిడి, బ్యాంజో మీటు. రెండూ నూనెలో వేగుతున్నట్టు వినిపిస్తాయి.

దీని తర్వాత? రాని మన్రోతోనే మొదలుపెట్టండి. 1946, 47లలో కొలంబియా రికార్డు కంపెనీకి చేసిన రికార్డింగుల్లో స్క్రగ్స్ కూడా ఉన్నాడు, ఈ సంగీతానికి ఒక రూపం వచ్చింది అక్కడే. "బ్లూ మూన్ ఆఫ్ కెంటకీ" అప్పుడు వాల్ట్జ్, మూడు దెబ్బల నడక. 1954లో ఎల్విస్ దాన్ని నాలుగుకి మార్చేశాడు. రెండూ పక్కపక్కన వినండి.

1975లో రౌండర్ కంపెనీ వేసిన "జె.డి. క్రో అండ్ ద న్యూ సౌత్" ఆల్బమ్‌ని అభిమానులు పేరుతో కాకుండా కేటలాగు నంబరుతో పిలుస్తారు: 0044. టోనీ రైస్, రికీ స్కాగ్స్, డోబ్రో (లోహపు పలక బిగించిన గిటారు) మీద జెర్రీ డగ్లస్ ఒకే బ్యాండులో. "ఓల్డ్ హోమ్ ప్లేస్"లో క్రో బ్యాంజో గడియారంలా నడుస్తుంది. మొత్తం వినడానికి అరగంటే. ఒక్కసారికి ఇంతకన్నా మంచి మోతాదు లేదు. టోనీ రైస్ నచ్చితే ఆయన 1979 నాటి "మాంజనీటా" వినండి, అందులో బ్యాంజో అసలే లేదు. చేతిలో 1935 నాటి మార్టిన్ డి-28 గిటారు, ఒకప్పుడు గిటారు వాద్యకారుడు క్లారెన్స్ వైట్‌ది. నాద రంధ్రం పెద్దది చేసి ఉండటం వల్ల దాని బేసు ఉబ్బదు, మధ్య స్వరాలు ముందుకొస్తాయి.

"ఓల్డ్ అండ్ ఇన్ ద వే" అనే ఆల్బమ్ మీద అభిప్రాయ భేదాలున్నాయి. 1973 అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రేక్షకుల ముందు రికార్డు చేసి 1975లో వదిలారు. జెర్రీ గార్సియా బ్యాంజో స్క్రగ్స్ అంత శుభ్రం కాదు, పాడటంలోనూ గరుకు. వాసర్ క్లెమెంట్స్ ఫిడిల్ కోసం వినాలి. స్వరం చివర్లో ఆయన కమానుని వదిలే తీరు నాష్‌విల్ సెట్టులోకన్నా ఇక్కడ ఇంకా ధైర్యంగా ఉంటుంది. కంట్రీ-రాక్ వైపు పోవాలనుకుంటే బర్డ్స్ బ్యాండు 1968 ఆల్బమ్ "స్వీట్‌హార్ట్ ఆఫ్ ద రోడియో" ఉంది, పెడల్ స్టీల్ గిటారు నాదం అలవాటు కావాలంటే అది పనికొస్తుంది. దాన్ని మించి ఎక్కువ ఆశించవద్దు.

అన్నిటికన్నా కొత్తది జిలియన్ వెల్చ్ 2001లో ఇచ్చిన "టైమ్: ద రెవలేటర్". ఆమె, డేవిడ్ రాలింగ్స్, ఇద్దరే. రాలింగ్స్‌ది 1935 నాటి చిన్న ఎపిఫోన్ ఆర్చ్‌టాప్ గిటారు. కార్డుకి సరిపడదేమో అనిపించే స్వరం పట్టుకుని, అది తీరేదాకా వదలడు. చివరి పాట పద్నాలుగు నిమిషాలు దాటుతుంది, వేగం ఎక్కడా పెరగదు, రాత్రి ప్రయాణాల్లో వినండి. బేసూ లేదు, డ్రమ్సూ లేవు కాబట్టి ఫోను స్పీకరులో విన్నా పెద్దగా పోయేదేమీ ఉండదు.