పెరట్లోకి పోకుండా బ్యాండ్ మార్చే డబ్బా: నాలుగేళ్ల వాడకం

నల్గొండలో మా ఇంటి పెరట్లో హామ్ రేడియో (అభిరుచి కోసం ఇంట్లోంచే రేడియోలో మాట్లాడుకోవడం) యాంటెన్నాగా ఐదు మీటర్ల అల్యూమినియం గొట్టం నిలబెట్టాను. 20 మీటర్ల బ్యాండ్‌కు (తరంగం పొడవు సుమారు అంత ఉండే ఫ్రీక్వెన్సీల పట్టీ) అది సరిగ్గా పావు తరంగం, ఏమీ కలపక్కర్లేదు. 40 మీటర్ల బ్యాండ్‌కి అడుగున కాయిల్ (తీగ చుట్ట) కొంత, 80కి మొత్తం కలపాలి. మొదట్లో ఆ పని క్రొకడైల్ క్లిప్‌తో చేసేవాణ్ణి. పొద్దున 40లో మనవాళ్లతో మాట్లాడి సాయంత్రం 20కి మారాలంటే చెప్పులేసుకుని బయటికి పోవాలి. ఒక వానాకాలం రాత్రి టార్చి వెలుగులో కాయిల్ పక్కనే తేలు కనబడింది. ఆ వారమే, ఇంట్లోంచే ఆ పని చేసే రిలే డబ్బా కొన్నాను (రిలే అంటే దూరం నుంచి కరెంటుతో నడిపే స్విచ్).

లోపల రిలేలు రెండే. కరెంటు ఇవ్వకపోతే 40. ఒక స్విచ్ వేస్తే కాయిల్ మొత్తం షార్ట్ అయి (అంటే పక్కకు తప్పుకుని) 20, రెండోది వేస్తే కాయిలంతా లైన్లోకి వచ్చి 80. నాకు బాగా నచ్చింది ఇదే: అడాప్టర్ పాడైనా 40 ఎక్కడికీ పోదు. 25 మీటర్ల ఇంటర్నెట్ కేబుల్‌తోనే నడుస్తోంది. 12 వోల్టుల రిలే తీసుకునేది 30 మిల్లీఆంపులే, దారిలో వోల్టేజి పడిపోయే భయం లేదు.

ఏడాది వరకు ఒక్క ఇబ్బంది లేదు. అప్పుడు నాకు బుద్ధి పుట్టి నేల బాగు చేద్దామనుకున్నాను. మాది చలక నేల, రెండడుగులకే గడ్డపార రాయికి తగులుతుంది. నాలుగు రేడియల్స్ (గొట్టం అడుగు నుంచి చుట్టూ నేల మీద పరిచే తీగలు) ఉన్నచోట పదహారు పరిచాను. 80లో ఎస్‌డబ్ల్యుఆర్ (పంపిన పవర్ ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే లెక్క, 1కి దగ్గరుంటే మంచిదంటారు) 1.2 నుంచి 2కి పోయింది! తప్పు చేశానేమో అనుకున్నాను గానీ, అవతలివాళ్లు సిగ్నల్ పెరిగిందన్నారు. అంటే అన్నాళ్లూ ఆ అందమైన 1.2 నేలలో కాలిపోయిన పవర్ పుణ్యమే.

నెల తిరక్కుండా, 80లో 50 వాట్లు పంపుతుంటే డబ్బాలో చిటపటలు. విప్పితే 20 మీటర్ల రిలే కాంటాక్టులు నల్లబడ్డాయి. దాని మీద 10 ఆంపియర్లని ఉంది, కానీ గొడవ ఆంపియర్లది కాదు. నేల నష్టం తగ్గేసరికి యాంటెన్నాలో కరెంటు పెరిగింది, దాంతో కాయిల్ మీద వోల్టేజి వెయ్యి దాటింది. 80లో ఉన్నప్పుడు అదంతా తెరిచి ఉన్న ఆ కాంటాక్టుల సందు మీదే పడుతుంది. మామూలు రిలే ఓర్చుకునేది సుమారు అంతే. అమ్మినవాళ్లను అడిగితే "80లో 20 వాట్లు దాటకండి సార్" అన్నారు. ఆ ముక్క డబ్బా మీద రాస్తే ఏం పోయేది? రెండు కాంటాక్టుల రిలే తెచ్చి, రెండింటినీ సిరీస్‌లో కలిపాను. మూడేళ్లుగా మళ్లీ శబ్దం లేదు. మాట్లాడుతూ స్విచ్ తిప్పే అలవాటు కూడా మానేశాను.

చీమలు రెండుసార్లు కాపురం పెట్టాయి. కేబుల్ రంధ్రం ఎంసీల్‌తో మూసి, అడుగున నీళ్లు దిగే రంధ్రానికి దోమతెర ముక్క అంటించాక రాలేదు.

20, 40 కోసమైతే కళ్లు మూసుకుని కొనొచ్చు. 80 కోసమే అయితే వద్దంటాను. ఇంత పొట్టి గొట్టంతో నాకు 70 కిలోహెర్ట్జ్ మేర కూడా సరిగా రాదు, పైగా ఎండాకాలం ఆ బ్యాండ్‌లో గరగర తప్ప ఏమీ వినబడదు.

ఉరుములప్పుడు అందరం కోయాక్స్ (రేడియో నుంచి యాంటెన్నాకు పోయే కేబుల్) పీకేస్తాం, రిలేలకు పోయే కంట్రోల్ కేబుల్ మాత్రం గుర్తుండదు. పిడుగు దాంట్లోంచి కూడా ఇంట్లోకి రాగలదు. మా ఆవిడకు రెండు ప్లగ్గులూ చూపించి పెట్టాను. నేను డ్యూటీలో ఉండగా మబ్బు పట్టిందంటే తనే పీకేసి, ఫోన్ చేసి చెబుతుంది.