క్యారియర్ కంటికి ఏ పరీక్ష మేలు: ఆటోఫ్లోరోసెన్సా, ఓసీటీనా, ఈఆర్‌జీనా?

కొడుక్కి రెటినైటిస్ పిగ్మెంటోసా (కంటి వెనకుండే చూపు పొర, అంటే రెటీనా, క్రమంగా దెబ్బతినే వంశపారంపర్య జబ్బు) అని తేలాక తల్లి కళ్లూ చూపించమంటే, ‘ఆమె క్యారియరే (లోపమున్న జన్యువును మోసే మనిషే) కదా, చూపు బానే ఉందిగా’ అంటారు చాలామంది. నేనీ మాట ఒప్పుకోను. ఎక్స్ క్రోమోజోమ్ మీదుండే ఆర్‌పీజీఆర్ (రెటినైటిస్ పిగ్మెంటోసాకు ఒక కారణం), సీహెచ్‌ఎం (అలాంటిదే అయిన కొరాయిడెరీమియా జబ్బుకు కారణం) జన్యువుల్లో లోపం మోస్తున్న ఆడవాళ్లలో కొందరికి రేచీకటి వస్తుంది, కొందరికి చూపే తగ్గుతుంది. పిండదశలోనే ఒక్కో కణంలో రెండు ఎక్స్‌లలో ఒకటి మూగబోతుంది, అంటే పనిచేయడం మానేస్తుంది. 1961లో జన్యుశాస్త్రవేత్త మేరీ లయన్ చెప్పిన సంగతిది. ఏ కణంలో ఏది మూగబోతుందో లెక్క లేదు కాబట్టి రెటీనా బాగున్న చోట బాగుండి, పక్కనే దెబ్బతిని, అతుకుల బొంతలా ఉంటుంది. పరీక్షల్ని తూచాల్సింది దీన్నిబట్టే.

క్యారియర్ ఆనవాళ్లు పట్టడానికి నా ఓటు ఆటోఫ్లోరోసెన్స్ ఫొటోకే, అంటే రెటీనా తనంతట తాను వెలువరించే మెరుపును తీసే ఫొటోకే. డై ఎక్కించక్కర్లేదు, నిమిషాల్లో అయిపోతుంది. ఆర్‌పీజీఆర్ క్యారియర్లలో మాక్యులా (రెటీనా నడిమి భాగం) చుట్టూ కిరణాల్లా విచ్చుకున్న చారలు, కొరాయిడెరీమియా క్యారియర్లలో చిదురుమదురుగా నల్లటి, తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. కనిపించనంత మాత్రాన క్యారియర్ కాదని కాదు. అది తేల్చేది జన్యుపరీక్ష. కానీ ఆ రిపోర్టు కన్ను ఎలా ఉందో చెప్పదు.

ఓసీటీ (కాంతితో తీసే స్కాన్) రెటీనా పొరల్ని దాదాపు 5 మైక్రాన్ల తేడాతో విడదీసి చూపిస్తుంది. ఫొటోరిసెప్టర్ల (వెలుగును పట్టే కణాల) గీత ఎక్కడ తెగిందో అందులో తెలుస్తుంది. స్కాన్ గీతలు ఎడంగా తీస్తే మాత్రం చిన్న మచ్చ మధ్యలో జారిపోతుంది. దగ్గర దగ్గరగా తీయమని అడగండి.

పని తీరుకొస్తే, ఫుల్‌ఫీల్డ్ ఈఆర్‌జీ వెలుగుకు రెటీనా మొత్తం ఇచ్చే విద్యుత్ స్పందనను కలిపి కొలుస్తుంది. అందుకే చిన్న మచ్చ ఆ మొత్తంలో కలిసిపోయి రిపోర్టు నార్మల్ అని రావచ్చు. అయినా రాత్రిపూట తడబడుతున్నామనే వాళ్లకి నేను చెప్పేది ఇదే. 20 నిమిషాలు చీకట్లో ఉంచి రాడ్ కణాల (మసక వెలుగులో చూపునిచ్చేవాటి) సత్తా విడిగా కొలుస్తారు. మల్టీఫోకల్ ఈఆర్‌జీ నడిమి భాగాన్ని 61 లేదా 103 గళ్లుగా విడగొట్టి ఏ గడి బలహీనమో చెబుతుంది, కానీ కోన్ కణాల (పగటి వెలుగులో, రంగుల్లో చూపునిచ్చేవాటి) వరకే. మైక్రోపెరిమెట్రీ కంటి కదలికను వెంబడిస్తూ, రెటీనా మీద అనుకున్న చోటే వెలుగుచుక్క వేసి కనిపిస్తోందా అని అడుగుతుంది. అలిసిపోతే జవాబులు తప్పుతాయి, నిజమే. అయినా మళ్లీ వచ్చినప్పుడు సరిగ్గా అదే చోటును పరీక్షించవచ్చు. ఆ సౌకర్యం ఫుల్‌ఫీల్డ్‌లో లేదు.

రెండే చేయించగలిగితే ఆటోఫ్లోరోసెన్స్, మైక్రోపెరిమెట్రీ చేయించి, ఒకదాని మీద ఒకటి పెట్టి చూడమనండి. అక్షరాల చార్టు ఒక్కటే చదివించి పంపితే ఊరుకోకండి. రెండు కళ్లూ విడివిడిగా చూడాలి, క్యారియర్లలో ఒక కంటికీ ఇంకో కంటికీ బాగా తేడా ఉండొచ్చు.