చిక్కు తీసే వేపచెక్క దువ్వెన: బెంగళూరు మల్లేశ్వరంలో కొన్నాను

ఎనిమిదో క్రాస్‌లో 120 రూపాయలకు దొరికింది. మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్లకి, తలస్నానం చేయించిన ప్రతిసారీ పాప జుట్టు ఉండ కట్టేది. దువ్వెన చూస్తేనే ఏడుపు. దీంతో కొసల దగ్గర మొదలుపెట్టి మెల్లగా పైకి వస్తే, వెంట్రుకలు తెగకుండా ముడి దానంతటదే జారిపోతోంది. ఒక పన్ను అంచు మాత్రం గరుకుగా ఉంది, గరుకు కాగితంతో రుద్దాను.

అట్ట మీద ‘డీటాంగ్లింగ్’ అని చూసి పాప అర్థం అడిగింది. చిక్కు తీయడమని చెప్పి, ఆ మాట ఎక్కడిదో వెతికాను. ‘టాంగిల్’ 14వ శతాబ్దం నుంచే ఇంగ్లీషులో ఉంది, స్కాండినేవియా భాషల నుంచి వచ్చి ఉంటుందని పండితుల అంచనా. ముందు మనిషిని ఇరకాటంలో పెట్టడమనే అర్థమట, దారాలకీ జుట్టుకీ తర్వాత వచ్చింది. మన ‘చిక్కు’ కూడా రెండింటికీ చెల్లుతుంది కదా! పాపకి అది భలే నచ్చింది. ఇంకొకటి కొని నెల్లూరులో అమ్మకి పంపాను.