కేబులా, కార్డు రీడరా? కెమెరా ఫోటోలు సిస్టమ్‌లోకి దించే సామాను మీద సమీక్ష

ముందే చెప్పేస్తాం. కెమెరా పెట్టెలో వచ్చిన కేబుల్‌ని అదే పెట్టెలో భద్రంగా దాచేసి, ఒకటి రెండు స్లాట్లే ఉన్న యూఎస్‌బీ 3.0 కార్డు రీడర్ కొనుక్కోండి. మాఘమాసం ముహూర్తాలప్పుడు భీమవరం, పాలకొల్లు, అమలాపురం స్టూడియోల్లో వినిపించే "కెమెరా పెట్టాను గానీ సిస్టమ్‌లో ఏమీ రావట్లేదండీ" అన్న గోల చాలావరకు దాంతో పోతుంది. పోనిది ఏమిటో, దానికి రీడర్‌ని తిట్టకూడదు ఎందుకో కూడా చెప్పాలి. ఎందుకంటే రీడర్ మార్చినా ఫోటోలు రాకపోతే చాలామంది చేసే తర్వాతి పని కార్డు ఫార్మాట్ కొట్టడం, అంటే అందులో ఉన్నదంతా తుడిచెయ్యడం, అక్కడితో పెళ్లి గల్లంతు.

కేబుల్‌తో మొదలుపెడదాం. కెనాన్ 1500డీకి మినీ యూఎస్‌బీ, నికాన్ డీ5600కి మైక్రో యూఎస్‌బీ, సోనీ ఏ7 త్రీకి టైప్ సీతో పాటు మైక్రో కూడా. అంటే ముగ్గురు ఫోటోగ్రాఫర్లు ఒక పెళ్లికి వెళ్తే మూడు రకాల కేబుళ్లు. వాటిలో ఒకటి ఎప్పుడూ కనిపించదు, దాని బదులు ఎవరో ఫోన్ ఛార్జర్ కేబుల్ తెచ్చి పెడతారు. చవక ఛార్జింగ్ కేబుళ్లలో చాలావాటికి కరెంటు తీగలు రెండే ఉంటాయి, డేటా తీగలు రెండూ ఉండవు. కనెక్టర్ చక్కగా పడుతుంది, సిస్టమ్ మాత్రం ఉలకదు పలకదు. కేబుల్ అనుమానంగా ఉంటే దాంతో ఒక ఫోన్‌ని సిస్టమ్‌కి కలిపి ఫైల్ ట్రాన్స్‌ఫర్ వస్తుందేమో చూడండి. రాకపోతే అది ఛార్జింగ్‌కే పనికొచ్చే కేబుల్.

కేబుల్ మంచిదే అయినా కెమెరా లోపలి సెట్టింగులు అడ్డం పడతాయి. 1500డీ లాంటి కెనాన్ బాడీల్లో వైఫై ఆన్‌లో ఉంటే యూఎస్‌బీ పనిచెయ్యదు. కెమెరా చెడిపోయిందని రాజమండ్రి సర్వీసుకి తీసుకెళ్లే ముందు మెనూలో వైఫై ఆపి చూడండి. సోనీలో యూఎస్‌బీ కనెక్షన్ అన్నచోట పీసీ రిమోట్ పెట్టి ఉంటే కార్డు డ్రైవ్‌లా కనిపించదు. దాన్ని మాస్ స్టోరేజ్‌కి మార్చాలి. ఆటో పవర్ ఆఫ్ ఒక నిమిషానికి పెట్టి, అరకొర బ్యాటరీతో కాపీ మొదలుపెడితే మధ్యలో కెమెరా నిద్రపోయి తంతు మళ్లీ మొదటికి వస్తుంది.

కేబుల్ మీద అసలు ఫిర్యాదు వేగం. 1500డీ, డీ5600 రెండూ యూఎస్‌బీ 2.0 బాడీలే. కాగితం మీద సెకనుకి 480 మెగాబిట్లు అన్నా చేతికి అందేది సెకనుకి 30 నుంచి 40 ఎంబీ (మెగాబైట్లు; ఎనిమిది బిట్లు ఒక బైటు). 64 జీబీ కార్డు నిండుగా ఉంటే అరగంట సులువుగా పడుతుంది. 5డీ మార్క్ త్రీ కూడా అంతే, అంత ఖరీదైన బాడీకి యూఎస్‌బీ 2.0 ఇచ్చారు. మార్క్ ఫోర్‌కి వచ్చేసరికి 3.0 అయింది. పైగా కెమెరా కేబుల్ మీద ఎక్కువసార్లు డ్రైవ్‌లా కాకుండా పోర్టబుల్ డివైజ్‌గా కనిపిస్తుంది. ఆ దారిలో వెయ్యి ఫోటోలు ఒకేసారి లాగితే విండోస్ ఫోల్డర్ తెరవడానికే ఆయాసపడుతుంది, మధ్యలో ఆగితే ఎంతవరకు వచ్చాయో లెక్క తెలియదు. కార్డు స్లాట్ పాడైన రోజున అక్కరకొస్తుంది కాబట్టి కేబుల్‌ని పారెయ్యమనడం లేదు. రోజువారీ పనికి మాత్రం వద్దు.

ఇక రీడర్లు. మన ఊళ్లలో మొబైల్ షాపుల్లో గాజు బల్ల కింద వేలాడేవి రెండు వందల లోపు దొరికే పేరులేని ప్లాస్టిక్ రీడర్లు. ఎస్‌డీ, మైక్రో ఎస్‌డీ, సీఎఫ్ (కాంపాక్ట్‌ఫ్లాష్), ఎం2 అని రకరకాల కార్డులకి నాలుగైదు నోళ్లు తెరుచుకుని ఉంటాయి. పైన పటారం లోన లొటారం అనే మాట వీటికే తగింది. ఎక్కువభాగం యూఎస్‌బీ 2.0, కాబట్టి వేగంలో కేబుల్ కంటే ఏమీ మెరుగు కాదు. ఎస్‌డీ స్లాట్‌లో స్ప్రింగు కాంటాక్టులు పలచగా ఉంటాయి. కార్డు కాస్త వదులైతే చాలు, కాపీ జరుగుతుండగా డ్రైవ్ మాయమై మళ్లీ వస్తుంది. సీఎఫ్ వాడేవాళ్లకి మరీ ప్రమాదం: ఆ స్లాట్‌లో 50 సన్నని పిన్నులుంటాయి, చవక రీడర్లలో కార్డుని తిన్నగా నడిపించే గాడి లోతు తక్కువ. కొంచెం వంకరగా తోస్తే ఒక పిన్ను వంగుతుంది. నెట్టి చూద్దామని బలవంతం చేస్తే విరుగుతుంది. రీడర్ పోతే రెండు వందలు, కార్డు రంధ్రం పాడైతే కార్డు ఖరీదు.

పాత స్టూడియోల్లో డ్రాయరు సొరుగులో ఉండే రీడర్లకి ఇంకో జబ్బు. 32 జీబీ దాకా ఎస్‌డీహెచ్‌సీ, ఆపైన ఎస్‌డీఎక్స్‌సీ. ముందుతరం రీడర్లు కొన్ని 32 జీబీ కార్డుని చక్కగా చదివి 64 జీబీ పెట్టగానే "ఫార్మాట్ చెయ్యమంటారా" అని అడుగుతాయి. 64, ఆపై కార్డులు ఫైళ్లని ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో అమర్చుకుంటాయి. విండోస్ ఎక్స్‌పీ నడుస్తున్న పాత సిస్టమ్‌కి దానికోసం అప్‌డేట్ వెయ్యకపోతే అదీ అదే ప్రశ్న అడుగుతుంది. జవాబు ఎప్పుడూ "క్యాన్సిల్". కార్డు తీసి కెమెరాలో పెట్టి ఫోటోలు కనిపిస్తున్నాయేమో చూడండి. కెమెరా చూపిస్తోందంటే తప్పు కార్డుది కాదు, రీడర్‌ది లేదా సిస్టమ్‌ది.

మేం సిఫార్సు చేసేది వెయ్యి రూపాయలకి అటూ ఇటూగా దొరికే, తెలిసిన కంపెనీ యూఎస్‌బీ 3.0 రీడర్. ఒక ఎస్‌డీ స్లాట్, ఒక మైక్రో ఎస్‌డీ స్లాట్, పనిచేస్తున్నట్టు చూపే చిన్న లైటు, గారంటీ బిల్లు. యూహెచ్‌ఎస్ వన్ (ఎస్‌డీ కార్డుల వేగంలో ఒక తరగతి, కార్డు మీద రోమన్ అంకె ఒకటి ఉంటుంది) కార్డుకి గరిష్ఠ హద్దు సెకనుకి 104 ఎంబీ. మంచి రీడర్‌లో 80, 90 అందుకుంటుంది. అరగంట పని పన్నెండు నిమిషాలకి దిగుతుంది. డిజైనర్‌కి తెల్లారేసరికి డేటా అందాల్సిన సీజన్‌లో ఈ తేడా పెద్దదే.

కార్డు మీద 170, 200 అని పెద్ద అంకె ఉండి, పక్కన ఒక్క రోమన్ అంకె ఒకటి మాత్రమే ఉంటే ఆశ పెట్టుకోకండి. ఆ వేగం దానికోసం ప్రత్యేకంగా చేసిన రీడర్‌లోనే వస్తుంది. మామూలు రీడర్‌లో అదీ 90 దగ్గరే ఆగుతుంది.

ఈ రీడర్లలోనూ ఒక తమాషా లోపం ఉంది, షాపువాళ్లు చెప్పరు. యూఎస్‌బీ 3.0కి గుర్తుగా ఉండే నీలం రంగు పోర్టులో మెల్లగా, భయపడుతూ తోశారనుకోండి, ముందు వరస నాలుగు కాంటాక్టులే తగిలి సిస్టమ్ దాన్ని యూఎస్‌బీ 2.0గా నమోదు చేసుకుంటుంది. "కొత్త రీడర్ కొన్నా అదే నత్తనడక" అనేవాళ్లలో కొందరిది ఇదే సంగతి. ఎజెక్ట్ చేసి, తీసి, ఒక్క తోపులో పెట్టండి. క్యాబినెట్ ముందువైపు పోర్టులు కూడా నమ్మదగినవి కావు. లోపలి సన్నని వైరు మదర్‌బోర్డు దాకా వెళ్లేసరికి కనెక్షన్ తెగుతూ అతుకుతూ ఉంటుంది. వెనకాల మదర్‌బోర్డుకే ఉన్న పోర్టులో పెట్టండి, ఎక్స్‌టెన్షన్ వైరు వాడకండి. ఎక్కువసేపు కాపీ నడిస్తే లోహపు బాడీ రీడర్ వేడెక్కుతుంది. చెయ్యి పెట్టగలిగినంత వేడికి కంగారు అక్కర్లేదు.

రెండు మూడు వేలు పెట్టి యూహెచ్‌ఎస్ టూ రీడర్ కొనాలా? కార్డు వెనక కాంటాక్టులు ఒక వరసే ఉంటే వద్దు, రెండో వరస ఉంటేనే ఆలోచించండి. ఆ కార్డులకి హద్దు 312 ఎంబీ. కానీ సిస్టమ్‌లో తిరిగే హార్డ్‌డిస్క్ ఉంటే అది రాసేదే 100, 150 దగ్గర. గోదారి నీళ్లు ఎన్ని వచ్చినా పంటబోదె తూము వెడల్పుని బట్టే పొలానికి పారుతుంది. ముందు ఎస్‌ఎస్‌డీ వేయించండి, తర్వాత ఈ రీడర్. ఏ7 త్రీలో రెండు స్లాట్లలో ఒకటే యూహెచ్‌ఎస్ టూ అని కూడా గుర్తుంచుకోండి.

ఏ రీడర్ కొన్నా మన తేమని తప్పించుకోలేం. కోనసీమ కొబ్బరితోటల నీడలో గోడలే చెమరుస్తాయి. అంతర్వేది, నరసాపురం వైపు సముద్రపు గాలిలో ఉప్పు కూడా కలుస్తుంది. కార్డు కాంటాక్టుల మీద, రీడర్ ప్లగ్గు మీద కంటికి సరిగా కనిపించని పొర కడుతుంది. లక్షణం ఇలా ఉంటుంది: కార్డు ఒకసారి చదువుతుంది, ఒకసారి చదవదు, కొంచెం నొక్కి పట్టుకుంటే చదువుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో నూగు రాలని గుడ్డని కాస్త తడిపి కాంటాక్టుల మీద ఒకే దిశలో రెండుసార్లు తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టండి. నోటితో ఊదకండి, అదీ తేమే. సంచిలో సిలికా జెల్ పొట్లాలు వేసుకోండి. బియ్యం డబ్బాలో పెట్టే అలవాటు మానండి. మన దగ్గర బియ్యానికి కొదవ లేదు గానీ, దాని తౌడు పొడి స్లాట్‌లోకి దూరితే ఇంకో తలనొప్పి.

రైట్ ప్రొటెక్టెడ్ అని వస్తే కార్డు ఎడమ పక్కన ఉన్న బుల్లి లాక్ మీట చూడండి. అది లోపలి సర్క్యూట్‌ని ఏమీ చెయ్యదు, అది ఎక్కడుందో రీడర్ తడిమి చూసుకుంటుంది అంతే. అందుకే వదులైపోయిన మీట ఒక రీడర్‌లో లాక్ అనిపించి ఇంకో రీడర్‌లో మామూలుగా ఉంటుంది. చదవడానికి, కాపీకి ఇది అడ్డం కాదు.

రీడర్ లైటు వెలుగుతోంది, కాని మై కంప్యూటర్‌లో డ్రైవ్ లేదు అంటే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. అక్కడ కార్డు కనిపిస్తూ పక్కన అక్షరం లేకపోతే, రైట్ క్లిక్ చేసి డ్రైవ్ లెటర్ ఇవ్వండి, వచ్చేస్తుంది. అక్కడా లేకపోతే డివైజ్ మేనేజర్‌లో రీడర్ పేరు మీద అన్‌ఇన్‌స్టాల్ కొట్టి, తీసి మళ్లీ పెట్టండి. అప్పటికీ రాకపోతే ఇంకో సిస్టమ్ మీద చూశాకే రీడర్‌కి మరణ ధ్రువపత్రం రాయండి.

ఫోటోలన్నీ వచ్చాయి, వీడియోలు లేవు అంటే అది చాలావరకు సోనీ కెమెరాలో వాడిన కార్డే అయి ఉంటుంది. ఫోటోలు డీసీఐఎం లోపల 100ఎంఎస్‌డీసీఎఫ్‌లో, వీడియోలు ప్రైవేట్ ఫోల్డర్‌లో ఎం4రూట్, దాని లోపల క్లిప్‌లో ఉంటాయి. డీసీఐఎం ఒక్కటే కాపీ కొట్టి కార్డు ఖాళీ చేస్తే జీలకర్ర బెల్లం ఫోటోల్లో ఉంటుంది, వీడియోలో ఉండదు. ఫోల్డర్లు ఏరకుండా కార్డు మొత్తం కాపీ చెయ్యండి.

పెళ్లివారు తెచ్చిన పెన్‌డ్రైవ్‌లోకి పెద్ద వీడియో ఎక్కట్లేదంటే అందులో చోటు లేక కాదు, అది ఫ్యాట్32లో ఉంది. ఆ పద్ధతిలో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి వేరేచోట దాచి, వాళ్లనడిగి, ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చి ఇవ్వండి.

కాపీ చేసేటప్పుడు కట్ పేస్ట్ వద్దే వద్దు. కరెంటు పోయే వేళ మన చేతిలో లేదు, యూపీఎస్ బ్యాటరీ ఎంత నిలుస్తుందో అంతకన్నా తెలియదు. కాపీ మధ్యలో ఆగితే కార్డులో అసలు ఉంటుంది, కట్ అయితే అక్కడా ఇక్కడా సగం సగం. కాపీ అయ్యాక రెండు ఫోల్డర్ల మీదా ప్రాపర్టీస్ తీసి ఫైళ్ల సంఖ్య, బైట్ల లెక్క సరిచూడండి. ఇంకా గట్టిగా కావాలంటే టెరాకాపీ అనే కాపీ సాఫ్ట్‌వేర్‌లో వెరిఫై పెట్టుకోండి. రెండో హార్డ్‌డిస్క్‌లోకీ వెళ్లాకే కార్డుని ఫార్మాట్ చెయ్యండి, అదీ సిస్టమ్‌లో కాదు, కెమెరాలో.

పొరపాటున డిలీట్ అయినా, ఫార్మాట్ అయినా ఆ కార్డుతో ఒక్క ఫోటో కూడా తియ్యకండి. పోయిన ఫైళ్లని వెతికి తీసే సాఫ్ట్‌వేర్లలో ఫోటోరెక్ ఉచితం, రెకువాకీ ఉచిత రకం ఉంది. దొరికినవాటిని ఇంకో డ్రైవ్‌లోకే దించాలి, అదే కార్డులోకి కాదు. మొదటి ఫోటోలు బాగుండి తర్వాతవి సగం బూడిదరంగులో వస్తుంటే మాత్రం కార్డే నకిలీ కావచ్చు. 128 అని చూపించి లోపల అంత చోటు లేని కార్డులు అవి. డేటా తీసేసుకుని, కార్డులో అసలు చోటెంతో పరీక్షించే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే సాఫ్ట్‌వేర్‌తో నింపి చూస్తే గుట్టు బయటపడుతుంది.

రీడర్ కొనేటప్పుడు మీ కార్డు, వీలైతే మీ ల్యాప్‌టాప్ కూడా షాపుకి తీసుకెళ్లండి. నీలం పోర్టులో పెట్టి రెండు జీబీల వీడియో ఒకటి కాపీ కొట్టి, కాపీ విండోలో మోర్ డీటెయిల్స్ నొక్కి సెకనుకి ఎన్ని ఎంబీలో ఆ అంకె చూడండి. 70 పైన నిలకడగా ఉంటే తీసుకోవచ్చు. 35 దగ్గర కూర్చుంటే తీసి ఒక్క తోపులో మళ్లీ పెట్టి చూడండి. అప్పటికీ మారకపోతే డబ్బా మీద 3.0 అని ఎంత పెద్ద అక్షరాల్లో ఉన్నా బల్ల మీదే వదిలేసి రండి.