పాదానికే మత్తు: హైదరాబాద్ డే కేర్ సెంటర్లలో నర్వ్ బ్లాక్ తీసుకునేవారికి

లోపలికి పెరిగిన గోరు, బొటనవేలి పక్కన పెరిగిన ఎముక, వేలి ఎముకలోంచి వైరు తీయడం... వీటికి నడుముకు సూది వేస్తే రెండు కాళ్లూ మొద్దుబారతాయి, కొందరికి మూత్రం ఆగిపోతుంది. సాయంత్రం ఇంటికి వెళ్లాల్సిన మనిషి మంచం దిగలేడు. అందుకే ముందరి పాదం ఆపరేషన్లకు మా ఓటు చీలమండ చుట్టూ నరాలకు సూదితో మత్తు పట్టించే యాంకిల్ బ్లాక్‌కే.

చీలమండ దగ్గర మత్తు పట్టించాల్సిన నరాలు ఐదు. నాలుగు కాలి వెనకగా దిగే పెద్ద నరం సయాటిక్ కొమ్మలు, లోపలి వైపున్న సఫీనస్ మాత్రం తొడ ముందువైపు నరం ఫెమొరల్ నుంచి దిగుతుంది. మడమ ఆపరేషన్లకు వాడే పాప్లిటియల్ బ్లాక్‌లో మోకాలి వెనక ఒక్క సూదితో సరిపెడితే చీలమండ లోపలి అంచున కోత తెలిసేది అందుకే. సఫీనస్‌కు వేరే సూది పడాలి.

ఎక్కువగా చెడేది తొందర వల్ల. ఈ బ్లాక్‌లకు వాడే మత్తుమందు బుపివకైన్ పూర్తిగా పట్టడానికి 20-30 నిమిషాలు కావాలి. థియేటర్ బల్ల మీదే సూది వేసి వెంటనే కత్తి పట్టుకునే చోట రోగి అరుస్తాడు, అప్పుడు పైనుంచి ఇంకో మత్తు ఇస్తారు. ముందుగదిలో బ్లాక్ వేసి, స్పిరిట్ దూదితో ఐదు చోట్లా చల్లదనం తెలుస్తోందో లేదో చూసి లోపలికి తీసుకెళ్లే సెంటరైతే నమ్మొచ్చు. చీము పట్టిన చోట మందు సరిగా పనిచేయదు, అక్కడి కణజాలం ఆమ్లంగా మారి ఉంటుంది. అప్పుడు పుండుకు దూరంగా, పైన బ్లాక్ వేయాలి.

మోతాదు లెక్క: బుపివకైన్ కిలోకు 2 మి.గ్రా. అంటే 50 కిలోల మనిషికి 0.5 శాతం మందు 20 మి.లీ. దాటకూడదు. రెండు పాదాలూ ఒకేరోజు చేద్దామంటే ఈ లెక్క అడగండి. 20 శాతం లిపిడ్ ఎమల్షన్ (నరంలోకి ఎక్కించే కొవ్వు ద్రావణం) థియేటర్లో ఉందా అనీ అడగండి. మందు రక్తంలోకి పోతే విరుగుడు అదే. పాతకాలపు మత్తుమందు క్లోరోఫాం భద్రత తేల్చడానికి 1888, 1889లో రెండు కమిషన్లు నడిచిన ఊళ్లో మత్తు డాక్టర్ని ప్రశ్న అడగడానికి మొహమాటం దేనికి?

అల్ట్రాసౌండ్ ఉంటే మంచిదే. చీలమండ దగ్గర ఎముక గుర్తులు, నాడి కొట్టుకునే చోటు చూసి కూడా వేయొచ్చు. మోకాలి వెనక మాత్రం గుడ్డిగా వేయనివ్వొద్దు. రక్తం ఆపే బిగింపు పట్టీ (టూర్నికే) తొడకు కడితే ఆ నొప్పిని యాంకిల్ బ్లాక్ ఆపలేదు, చీలమండకు కాస్త పైన కట్టమనాలి.

పాప్లిటియల్ బ్లాక్ 12 నుంచి 24 గంటలు ఉండొచ్చు. అంతసేపూ పాదం వేలాడుతుంది, లిఫ్ట్ లేని రెండో అంతస్తుకు తోడు లేకుండా ఎక్కొద్దు. వేడినీళ్ల సంచి పెట్టొద్దు, కాలినా తెలియదు. మత్తు వదిలేది తరచూ అర్ధరాత్రే, అదీ ఒక్కసారిగా. రాసిచ్చిన నొప్పి మాత్ర తిమ్మిరి ఉండగానే మొదలుపెట్టాలి. 48 గంటలు దాటినా పాదం పైకి లేవకపోతే సర్జన్‌కే కాదు, మత్తు డాక్టర్‌కూ ఫోన్ చేయండి. డిశ్చార్జి కాగితం మీద ఆ నంబరు ముందే రాయించుకోండి.