తిరుపతి వాళ్ళు జాగ్రత్త: బతికున్న కోడిని తూకమేసి ఐసు కోడి చేతిలో పెడతా ఉండారు

కోపంలో టైప్ చేస్తా ఉండా, తప్పులుంటే సర్దుకోండి. బైరాగిపట్టెడ పక్క ఆ పచ్చ పరదా చికెన్ అంగడి, పేరు రాయను, ఆదివారం క్యూ కట్టే మీకు చెప్పాల్నా.

నాన్నకు షుగరు, కొలెస్ట్రాలు రెండూ ఉండాయి, నూనె తేలే కూర వద్దన్నారు. సరేలే ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) మొత్తం కోడి రోస్ట్ చేద్దాం, పెరుగు, అల్లంవెల్లుల్లి, మిరియాలు పట్టించి చుట్టూ క్యారెట్లు, మాకు నాలుగు ఉర్లగడ్డలు పెట్టి 200 డిగ్రీల్లో గంటా పావు వదిలేస్తే అదే అవుతాది, కొవ్వు ట్రేలోకి కారిపోతాది, నాన్నకు స్కిన్ తీసి పెట్టొచ్చు అనుకున్నా. సాయంత్రం పోయి స్కిన్‌తోనే, ముక్కలు కొట్టకుండా కావాలన్నా. మెడ మీద ఈకలు ఊడిన కోడి ఒకటి పట్టుకుని తూకమేసినాడు, 1 కేజీ 950. పరదా వెనక్కి పోయినాడు. నేనేమో ఫోన్‌లో రెసిపీ చూసుకుంటా నిలబడినా, తెలివి. వచ్చి నల్ల కవర్ ముడేసి చేతికిచ్చినాడు, 1 కేజీ 380, కేజీ 240 లెక్కన 331, రూపాయి వదిలేసినాడు. ఎంత మంచోడో అనుకున్నా కూడా.

ఇంటికొచ్చి టిష్యూతో తుడిచి (కడగను, కడిగితే ఆ నీళ్ళు చిమ్మి సింకంతా క్రిములే) మసాలా పట్టించి, కడుపులో అర నిమ్మకాయ పెడదామని చెయ్యి పెడితే వేళ్ళకు గట్టిగా తగిలింది. ఐసు. అరగంట ముందు రెక్కలు కొట్టుకున్న కోడి కడుపులో పిడికెడు ఐసు గడ్డ! రెక్క కింద చూస్తే జిగురు, పుల్లటి వాసన.

అట్లనే డబ్బాలో పెట్టుకుని స్కూటీ మీద పోయినా. ఆయన కత్తి కూడా దించలేదు, "మీ ఫ్రిజ్‌లో పెట్టి మర్చిపోయుంటావులే మేడం" అన్నాడు. అరగంటలో గడ్డకట్టించే ఫ్రిజ్ మా ఇంట్లో ఉంటే నేనే ఐసు ఫ్యాక్టరీ పెట్టుకుందును కదా సామీ. పరదా తీసి చూపించన్నా అంటే క్యూలో అందరికీ వినపడేట్టు, "కోడికూర వండను రానోళ్ళంతా యూట్యూబ్ చూసి వచ్చేస్తారు, ఓటల్‌కు పో అమ్మా" అన్నాడు. నవ్వినారు. మా వీధి పెద్దాయన కూడా నవ్వినాడు, రేపు పాల దగ్గర మొహం చూడాల్సిన మనిషి. ఇంకేం మాట్లాడాల్నో తెలీక పక్కకు తిరిగితే బోనులో అదే కోడి, మెడ మీద ఈకలు ఊడింది, నన్నే చూస్తా ఉండాది. నేను దుడ్లు కట్టిన కోడి! అదిగో అని చూపిస్తే "అన్ని కోళ్ళూ అట్లనే ఉంటాయి" అంట. బిల్లు ఏదంటే బిల్లు అడగలేదు కదా అంట. అదీ నిజమే, అడగలేదు.

ఐసు కోడి తినకూడదని కాదు నేను చెప్పేది. ఐసు అని చెప్పి అమ్మితే ముందురోజే ఫ్రిజ్‌లో కింద పెట్టి కరిగించుకుంటా. చెప్పకుండా ఇస్తే పైన ఎర్రగా కాలి లోపల పచ్చిగానే ఉంటాది, తొడ ఎముక దగ్గర క్రిములు చచ్చే 74 డిగ్రీలు రాకుండా నాన్నకు పెట్టుంటే? అది కాక ఈ జిగురుది ఎన్నిసార్లు కరిగిందో, ఎన్నిసార్లు గడ్డ కట్టిందో. పారేసినా.

ఆ, కొనేవాళ్ళు కళ్ళముందే కోయించుకోండి, కవర్ ముడేసేముందు కడుపులో వేలు పెట్టి చూడండి, బిల్లు అడగండి. 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కు రేపు చేస్తా, ఫోన్‌పే స్క్రీన్‌షాట్ ఒకటే ఉండాది నా దగ్గర.

ఉర్లగడ్డలు, క్యారెట్లు మాత్రం వెల్లుల్లి వేసి ఓటీజీలో పెట్టేసినా, తరిగినవి ఏం చేసేది. ఇల్లంతా వాసన. నాన్న ఇప్పుడే వచ్చి అడిగినాడు, కోడి అయిందామ్మా అని.